ఇంటి ఇన్వర్టర్ నుంచి 110 మీటర్ల అవతల ఉన్న బర్రెల కొట్టానికి ఏ కేబుల్ వేయాలి?

తమ్మీ, చదివే మిగతావాళ్లకు కూడా తెలియాలి కదా, నువ్వు రాసింది ముందు కుదించి పెడుతున్నా. పరకాల దగ్గర పల్లె. ఇంటి మీద ప్యానెళ్లు, ఇంట్లో 5 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టర్ (సోలార్, బ్యాటరీ, లైన్ కరెంటు మూడింటితో నడిచేది), 48 వోల్టుల బ్యాటరీ. ఇంటికి 110 మీటర్ల అవతల బర్రెల కొట్టం. అక్కడికి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైర్లు రెండు లాగించావు. బల్బులు బాగానే వెలుగుతున్నాయి, ఫ్యాన్లు నీరసంగా తిరుగుతున్నాయి, 2 హెచ్‌పీ గడ్డి మిషన్ మాత్రం గుయ్‌మని మూలుగుతుందే తప్ప లేవట్లేదు. "2.5 వైరు 20 ఆంప్స్ మోస్తది, తప్పు ఇన్వర్టర్‌దే" అన్నాడు మీ ఎలక్ట్రీషియన్. ఇన్వర్టర్‌నే కొట్టంలోకి మారిస్తే ఎట్లుంటది, వచ్చే ఏడు కొట్టం రేకుల మీద ఇంకో 3 కిలోవాట్లు వేస్తే ఆ కరెంటు ఇంటికి ఎట్లా తేవాలి అని కూడా అడిగావు.

కేబుల్ సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే 10 స్క్వేర్ రాగి, లేదా 16 స్క్వేర్ అల్యూమినియం ఆర్మర్డ్, అంటే పైన ఇనుప కవచం ఉన్న కేబుల్. కానీ రేపే వరంగల్ పోయి కొనేయకు. గడ్డి మిషన్ సంగతి తేలకుండా కేబుల్ మార్చితే, అంత డబ్బు పెట్టాక కూడా కరెంటు పోయినప్పుడు అది లేవకపోవచ్చు. ఎందుకో చెబుతా.

మీ ఎలక్ట్రీషియన్ అబద్ధం చెప్పలేదు. వైరు పెట్టె మీద ఉండే ఆంప్స్ అంకె వేడికి సంబంధించింది. పైన ఉన్న పీవీసీ తొడుగు మెత్తబడకుండా లోపలి రాగి ఎంత కరెంటు తట్టుకుంటుందో అది చెబుతుంది. వంటింట్లో 8 మీటర్లు వేసినా, చేను దాటించి 800 మీటర్లు వేసినా ఆ అంకె మారదు. అందులో దూరం అనేదే లేదు. ఇంటి వైరింగ్ మాత్రమే చేసినవాళ్లకు దూరంతో పని పడదు కాబట్టి చాలామందికి అలవాటు కాలేదు, అంతే.

దూరం లెక్క నేను సైట్‌లో ఇట్లా కడతా. ఒకవైపు దూరం మీటర్లలో తీసుకుని ఆంప్స్‌తో గుణించు. వైరు స్క్వేర్ ఎంఎంతో భాగించు. వచ్చినదాన్ని రాగి అయితే 24తో, అల్యూమినియం అయితే 14తో భాగించు. దారిలో పోయే వోల్టులు వస్తాయి. రానుపోను రెండు వైర్లూ, ఎండకీ కరెంటుకీ వైరు వేడెక్కితే పెరిగే రెసిస్టెన్సూ ఆ 24లోనే కలిపి పెట్టుకున్నా. సింగిల్ ఫేజ్‌కి, ఈ సైజు వైర్లకు ఇది చాలు.

నీ గడ్డి మిషన్ నడిచేటప్పుడు 11 ఆంప్స్ దాకా తీసుకుంటుంది. ఫ్యాన్లు, బల్బులు, కెమెరా కలిపి ఇంకో 2 వేసుకుందాం, మొత్తం 13. 110 గుణించు 13 అంటే 1,430. దాన్ని 2.5తో, మళ్లీ 24తో భాగిస్తే దాదాపు 24 వోల్టులు. ఇంట్లో 230 ఉంటే కొట్టంలో 206. అంతేకాదు, 300 వాట్లకు పైగా ఆ వైరులోనే వేడిగా పోతుంది. నాలుగు ఫ్యాన్ల కరెంటు మట్టికి పోసినట్టు. అదే 4 స్క్వేర్ అయితే 15 వోల్టులు, 6 అయితే 10, 10 స్క్వేర్ అయితే 6. నేను 230కి 3 శాతం, అంటే 7 వోల్టుల లోపు ఉండేట్టు చూస్తా. 1,430ని 24తో, 7తో భాగిస్తే 8.5 వస్తుంది, బజారులో దాని పై సైజు 10. అల్యూమినియానికి 14తో కడితే 14.6, పై సైజు 16. పైన చెప్పిన రెండు సైజులూ ఇట్లా వచ్చినవే.

మరి బల్బులు బాగానే వెలుగుతున్నాయి కదా అంటావు. ఎల్‌ఈడీ బల్బును నమ్మకు. దాని లోపలి డ్రైవర్ 180 వోల్టులు వచ్చినా అదే వెలుతురు ఇచ్చేస్తుంది. పాత ఫిలమెంట్ బల్బు నయం, వోల్టేజ్ పడితే ఎర్రగా మసకబారి మొహం మీదే చెప్పేది. నా బ్యాగులో ఇప్పటికీ హోల్డర్‌తో సహా 100 వాట్ల బల్బు ఒకటి ఉంటుంది.

ఇప్పుడు మిషన్ లేవడం గురించి. నడిచేటప్పుడు 11 ఆంప్స్ తీసుకునే మోటర్, లేచే క్షణంలో ఐదింతలు, అంటే 55 దాకా అడుగుతుంది. 2.5 వైరు అడ్డం ఉండేసరికి అది 42 దగ్గరే ఆగిపోతుంది, మోటర్ టెర్మినల్ దగ్గర వోల్టేజ్ 175కి పడిపోతుంది. మోటర్ తిప్పే బలం వోల్టేజ్‌తో నేరుగా తగ్గదు, దాని వర్గంతో తగ్గుతుంది. 230లో 175 అంటే ముప్పావు, ముప్పావులో ముప్పావు అంటే సగానికి కాస్త పైన. గడ్డి మిషన్‌కి పెద్ద చక్రం ఉంటుంది, దాన్ని కదిలించడానికి ఈ బలం సరిపోక మూలుగుతుంది. అట్లా మూలిగేటప్పుడు "ఇంకొంచెం చూద్దాం" అని స్విచ్ పట్టుకుని నిలబడొద్దు. వైండింగ్ కాలిపోవడానికి ఎక్కువసేపు పట్టదు.

10 స్క్వేర్ వేస్తే మోటర్‌కి 215 దాకా అందుతుంది, లేస్తుంది. కానీ అప్పుడు అది లాగేది 51 ఆంప్స్. 5 కిలోవాట్ల ఇన్వర్టర్లలో చాలావాటికి కొద్ది సెకన్లపాటు రెట్టింపు ఇచ్చే శక్తి ఉంటుంది. రెట్టింపు అంటే 10 కిలోవాట్లు, 43 ఆంప్స్. తిరకాసు అర్థమైందా? సన్న వైరు ఉన్నంతకాలం అదే కరెంటును 42 దగ్గర ఆపి ఇన్వర్టర్‌ను కాపాడుతూ వచ్చింది. లావు కేబుల్ వేసిన రోజు మోటర్ మూలగడం మానేస్తుంది, ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని అరిచి ఆగిపోతుంది. అప్పుడు మీ ఎలక్ట్రీషియన్ "నేను ముందే చెప్పిన కదా" అంటాడు!

లైన్‌లో కరెంటు ఉన్నప్పుడు ఈ తిప్పలు ఉండవు. చాలా హైబ్రిడ్‌లు గ్రిడ్ ఉన్నంతసేపు దాన్నే అవతలికి పంపిస్తాయి, ఆ 51 ఆంప్స్ వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తాయి. బ్యాటరీ మీద ఉన్నప్పుడే చిక్కు. అందుకని కేబుల్ కంటే ముందు ఇది తేల్చుకో: కరెంటు పోయిన గంటలో కూడా మక్క సొప్ప కొట్టాల్సిందేనా? పొద్దున కరెంటు ఉన్నప్పుడు కొట్టి పెట్టుకుంటే సరిపోతుందంటే ఇన్వర్టర్‌తో గొడవే లేదు. కాదు, ఎప్పుడైనా నడవాలంటే 2 హెచ్‌పీ త్రీఫేజ్ మోటర్, దానికి సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీఫేజ్ ఇచ్చే చిన్న డ్రైవ్ పెట్టించు. డ్రైవ్ మెల్లగా వేగం పెంచుతుంది కాబట్టి ఆ ఐదింతల గుంజుడు ఉండదు. మోటర్ టెర్మినల్ పెట్టెలో ఆరు కొసలూ బయటికి ఉన్నాయో లేదో చూసి కొను, వాటిని డెల్టాలో, అంటే మూడు వైండింగులనూ త్రికోణంలాగా, కలిపితేనే అది 230కి సరిపోతుంది. ఇవన్నీ చేసే ముందు ఇప్పుడున్న మోటర్ స్టార్టింగ్ కెపాసిటర్ ఒకసారి మార్చి చూడు. చిన్న ఖర్చు. పాతబడ్డ కెపాసిటర్‌కి కూడా మోటర్ అచ్చం ఇట్లాగే మూలుగుతుంది.

నీ రాతలో ఇంకో మాట నా కంట్లో పడింది. "వేప చెట్టు కాడ టేపు కరిగినట్టు కనపడ్డది" అన్నావు. వైరు చుట్ట 90 మీటర్లు ఉంటుంది, నీ దూరం 110. అంటే రెండు వైర్లకూ 20 మీటర్ల ముక్క అతికించారన్నమాట, ఆ అతుకే చెట్టు దగ్గర ఉంది. చేత్తో మెలిపెట్టి నల్ల టేపు చుట్టిన జాయింట్ బయట ఒక వానకాలం దాటితే లోపల పచ్చగా చిలుము పడుతుంది. లెక్కలో వచ్చిన 24 వోల్టులు కాక, ఆ జాయింట్ ఇంకెన్ని తింటుందో. ఇన్వర్టర్ నుంచి కొట్టానికి పోయే లైన్‌ని ఆపి, ఆపిన స్విచ్ దగ్గర మనిషిని నిలబెట్టి, అప్పుడు విప్పి చూడు. పిల్లలు, మేకలు తిరిగే చోట అది అట్లా ఉండకూడదు, కేబుల్ వచ్చేదాకా ఆగొద్దు.

కేబుల్ రకం విషయంలో నా ఓటు 2 కోర్ (లోపల రెండు తీగలు) 16 స్క్వేర్ అల్యూమినియం, ఎక్స్‌ఎల్‌పీఈ (పీవీసీ కంటే వేడి తట్టుకునే తొడుగు), ఆర్మర్డ్. మీద ఐఎస్ 7098 అని అచ్చు ఉండాలి. రాగి గొప్పదే. కానీ ఒకే రెసిస్టెన్స్‌కి అల్యూమినియం బరువు రాగి బరువులో సగం ఉంటుంది, పైగా కిలో ధర బాగా తక్కువ. ఇంట్లో వేసే మామూలు వైర్లను నేరుగా మట్టిలో పూడ్చొద్దు, పైపులో వేసి పూడ్చినా పందికొక్కుల నుంచి గ్యారంటీ లేదు. మీది నల్లరేగడి అయితే ఎండాకాలం నేల చేయి పట్టేంత పగుళ్లిస్తుంది, వైరు సాగుతుంది. ఆర్మర్ ఉంటే ఈ బాధలు తగ్గుతాయి. రెండున్నర అడుగుల లోతు కందకం, అడుగున ఇసుక, కేబుల్, మళ్లీ ఇసుక, పైన వరుసగా ఇటుకలు, ఆ పైన మట్టి. రెండున్నర అడుగులు ఎందుకంటే రోటవేటర్ కాదు, పెద్ద నాగలి దిగినా తగలకుండా ఉండాలని. బండ్ల బాట దాటే చోట జీఐ పైపులో వేయి. మధ్యలో ఎక్కడా అతుకు వద్దు, 115 మీటర్లు ఒకే ముక్కగా కోయించుకో.

అల్యూమినియం కొసలను ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తాను పడిపోయే స్విచ్) రాగి టెర్మినల్‌లోకి నేరుగా దూర్చొద్దు. బైమెటల్ లగ్గు (ఒకవైపు అల్యూమినియం, ఒకవైపు రాగి ఉండే కొస) వేసి, సైజుకు తగ్గ క్రింపింగ్ టూల్‌తో నొక్కించాలి. కట్టింగ్ ప్లేయర్‌తో నొక్కి "అయిపోయింది" అనేవాళ్లు ఉంటారు, అట్లాంటి లగ్గులు నల్లబడి నా దగ్గరకే వస్తుంటాయి.

రక్షణ గురించి కాస్త నిదానంగా చదువు. ఇంటి దగ్గర ఆ లైన్‌కి 20 ఆంప్స్ సి రకం ఎంసీబీ ఉందనుకో. అది టక్కున పడాలంటే 100 నుంచి 200 ఆంప్స్ పారాలి. ఇప్పుడున్న 2.5 వైరుతో కొట్టంలో ఫేజూ న్యూట్రలూ నేరుగా తగిలినా వచ్చేది 120 చిల్లర. పడొచ్చు, పడకపోవచ్చు. 10 స్క్వేర్‌తో గ్రిడ్ మీద 400 పైనే వస్తుంది, ఖాయంగా పడుతుంది. బ్యాటరీ మీద నడిచేటప్పుడు మాత్రం ఇన్వర్టర్ ఇచ్చేదే 43, ఎంసీబీని టక్కున పడగొట్టే శక్తి దానికి లేదు. షార్ట్ అయితే ఇన్వర్టర్ తనంతట తాను ఆగుతుంది సరే. కానీ బర్రె ఒంటి మీదుగా భూమిలోకి పోయే చిన్న కరెంటును అదీ గుర్తించదు, ఎంసీబీ కూడా గుర్తించదు. దానికి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే భూమిలోకి కరెంటు లీకైతే ఆపేసే స్విచ్, కావాల్సిందే.

ఇక్కడే చాలామంది మేస్త్రీలు వదిలేసే సంగతి ఒకటుంది. గ్రిడ్ పోయి బ్యాకప్‌లోకి మారినప్పుడు ఇన్వర్టర్ న్యూట్రల్‌కి ఎర్త్‌తో కలయిక ఉండాలి, లేకపోతే ఆర్‌సీసీబీ ఉన్నా ఆ సమయంలో పనిచేయదు. కొన్ని ఇన్వర్టర్లలో ఆ కలిపే రిలే లోపలే ఉంటుంది, కొన్నింట్లో బయట పెట్టాలి. మాన్యువల్ తీసి చూడు, అర్థం కాకపోతే ఆ పేజీ ఫోటో పెట్టు. ఎవరో చెప్పారని న్యూట్రల్, ఎర్త్ రెండూ కలిపి పర్మనెంటుగా బిగించేయొద్దు, గ్రిడ్ ఉన్నప్పుడు అది వేరే ప్రమాదం. కొట్టంలో విడిగా ఎర్త్ గుంత తవ్వించి, మిషన్ బాడీ, ఇనుప స్తంభాలు, నీళ్ల తొట్టి పైపు అన్నీ దానికి కలపాలి. మనిషి చెప్పులేసుకుని రెండడుగుల మేర నిలబడతాడు. బర్రె తడినేల మీద నాలుగు కాళ్లతో నిలబడుతుంది, ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ. మనకు జిల్లుమనే కరెంటుకే అది పడిపోతుంది.

ఇన్వర్టర్‌ని కొట్టంలో పెట్టి బ్యాటరీ ఇంట్లోనే ఉంచాలన్నావు, ఆ ఆలోచన మానుకో. 48 వోల్టుల దగ్గర 3 కిలోవాట్లు కావాలంటే 65 ఆంప్స్ పైన పారాలి. పైన చెప్పిన సూత్రమే కట్టు: 10 స్క్వేర్ రాగి వేసినా 30 వోల్టులు దారిలోనే పోతాయి. 48లో 30! బ్యాటరీ వైరు ఎప్పుడూ రెండు మూడు మీటర్లు దాటకూడదు. ఇన్వర్టర్, బ్యాటరీ రెండూ కలిపి కొట్టానికి మార్చితే మళ్లీ ఇంటికి ఇదే తిప్పలు. పైగా దుమ్ము, పేడ వాసనలోని అమ్మోనియా ఇన్వర్టర్ బోర్డులకు పడవు.

కొట్టం రేకుల మీద కొత్త 3 కిలోవాట్ల సంగతికి వద్దాం. 2024లో పీఎం సూర్యఘర్ (ఇంటి పైకప్పు సోలార్‌కి కేంద్రం పథకం) వచ్చి 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ అనేసరికి ఇళ్లకు ఆ సైజు మామూలైపోయింది, ఈ ప్రశ్న కూడా తరచూ వస్తోంది: ప్యానెళ్లు దూరంగా ఉంటే ఇన్వర్టర్ వాటి పక్కన పెట్టాలా, మీటర్ పక్కన పెట్టాలా?

నా తప్పు నేనే చెబుతా. కొన్నేళ్ల కింద ఒక మామిడి తోటలో 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా కరెంటును నేరుగా లైన్‌లోకి పంపే) సోలార్ బిగించా. ప్యానెళ్ల కిందే ఇన్వర్టర్ పెట్టి, 90 మీటర్ల అవతల మీటర్‌కి 4 స్క్వేర్ రాగి వైరు లాగాను. 13 ఆంప్స్‌కి 12 వోల్టుల తేడా, 5 శాతమే కదా, నడుస్తుందిలే అనుకున్నా. మర్చిపోయిందేమిటంటే, ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ కరెంటు తీసుకోదు, తోస్తుంది. తోసేవాడి దగ్గర వోల్టేజ్ పడదు, పెరుగుతుంది. మధ్యాహ్నం మీటర్ దగ్గర 246 ఉంది, ఇన్వర్టర్ దగ్గర 258. 230 మీద 10 శాతం, అంటే 253 దాటితే గ్రిడ్ నుంచి విడిపోవాలని సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) నిబంధన, ఇన్వర్టర్ అదే చేసింది. విడిపోతుంది, కాసేపు ఆగి మళ్లీ కలుస్తుంది, మళ్లీ విడిపోతుంది. ఆ రైతు ఫోన్‌లో చూపించిన గ్రాఫ్ 11 నుంచి 2 దాకా దువ్వెన పళ్లలాగా ఉంది. మంచి ఎండ ఉన్న మూడు గంటలే పోయాయి. చివరికి ఇన్వర్టర్‌ని మీటర్ గోడకు మార్చి, ఆ 90 మీటర్లూ డీసీ వైరు వేశా. ఖర్చు నాదే.

డీసీ వైపు వోల్టులు పోతే కొన్ని వాట్లు పోతాయి, అంతే. ఇన్వర్టర్ ట్రిప్ కాదు. నీ దానికి 540 వాట్ల ప్యానెళ్లు 6 ఒకే వరుసగా కలిపితే 250 వోల్టుల దగ్గర 13 ఆంప్స్. 110 మీటర్లకు 6 స్క్వేర్ సోలార్ కేబుల్ వేస్తే 10, 11 వోల్టులు పోతాయి. 4 శాతం పైన అనిపిస్తుంది కానీ అది నిండు ఎండలో. వేడిగా పోయేది కరెంటు వర్గం కదా, ఎండ సగమైనప్పుడు పోయే వాట్లు పావుకి పడిపోతాయి. కాబట్టి ప్యానెళ్లు కొట్టం మీద, డీసీ కేబుల్ ఇంటిదాకా, ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ రెండో ఎంపీపీటీలోకి, అంటే ప్యానెళ్ల వైర్లు కలిపే రెండో ఇన్‌పుట్‌లోకి. దానికి ఆ వోల్టేజ్, ఆ 13 ఆంప్స్ సరిపోతాయో లేదో మాన్యువల్‌లో చూసుకో. ప్లస్, మైనస్ రెండూ ఒకే పైపులో ఆనుకుని వెళ్లాలి, దూరం దూరంగా వేస్తే పిడుగు పడ్డప్పుడు ఎక్కువ సర్జ్ పుట్టి వస్తుంది. ఎస్‌పీడీ (సర్జ్‌ను భూమిలోకి మళ్లించేది), డీసీ ఐసొలేటర్ (డీసీ లైన్‌ని విడగొట్టే స్విచ్) రెండు చివర్లా పెట్టు. ఎండలో నడుస్తుండగా కనెక్టర్ పీకొద్దు, డీసీ నిప్పు ఏసీలాగా తనంతట తాను ఆరదు. కందకం ఎట్లాగూ తవ్వుతున్నావు కాబట్టి దీనికోసం ఒక హెచ్‌డీపీఈ పైపు ఇప్పుడే పడేసి పెట్టు, రెండోసారి తవ్వే కూలీ మిగులుతుంది.

కొనే ముందు ఒక పరీక్ష చేసి అంకెలు నాకు రాయి. జాయింట్ బాగు చేశాక, కొట్టంలో 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె పెట్టి, దాని లైటు వెలుగుతుండగా అక్కడ సాకెట్‌లో వోల్టేజ్ చూడు. అదే సమయంలో ఇన్వర్టర్ దగ్గర ఇంకొకరు చూసి ఫోన్‌లో చెప్పాలి. మిగతావన్నీ ఆపి ఉంచు. తేడా 8 వోల్టుల దగ్గర ఉంటే వైరు పెట్టె మీద రాసిన సైజే లోపలా ఉంది, ఆ వైరును కొట్టంలో లోపలి వైరింగ్‌కి వాడుకోవచ్చు. 12 దాటితే జాయింటన్నా ఇంకా బాగుపడలేదు, లేదంటే 2.5 అని అమ్మిన వైరులో రాగి అంత లేదు. అప్పుడు ఆ చుట్టలో మిగిలిన ముక్క ఏదైనా ఉంటే దాని పొడవు, మల్టీమీటర్‌లో చూపించిన ఓమ్స్ రెండూ పెట్టు. మీటర్ కొసలు రెండూ ఒకదానికొకటి ఆనిస్తే వచ్చే అంకె అందులోంచి తీసేయడం మర్చిపోకు. మంచి 2.5 వైరు 90 మీటర్లకు 0.7 ఓమ్ దగ్గర ఉంటుంది.